నీళ్ళు పడకూడని బెజ్జం

మైలవరం డ్యామ్ ఒడ్డున
నాలుగు లారీ టైర్ల మీద నిలబెట్టినారు పడవను.
వెనకవైపు నాచు గీకిన మరక
ఎంతవరకు మునుగుతుందో చెప్తోంది.
ఆ మరకకు జానెడు కింద
రెండు బెజ్జాలు వేయాలంట నేను.

"నీళ్ళ కింద దీపాలుంటే
పొద్దు మునిగినంక కూడా జనం ఎక్కుతారప్పా" అంటుంది ఓబుళమ్మ.
కళ్యాణదుర్గం నుంచి పిలిపించింది నన్ను,
మోటార్లు చుట్టేవానికి నీళ్ళ సంగతి తెలుస్తుందని.

నాకు తెలిసింది నీళ్ళు లేని సంగతి.

ఇరవై రెండేళ్ళుగా
బోరు మోటార్ల పొట్టలు విప్పుతున్నా.
మసిబారిన రాగి తీగ పీకి
కొత్త తీగ చుట్టి పంపుతున్నా.
అన్నిటిదీ ఒకటే జబ్బు:
నీళ్ళు అయిపోయినాయని ఎవరూ చెప్పక
తిరుగుతానే ఉన్నాయి.

మా నాయన ఎర్రిస్వామి చేన్లో ఏడు బోర్లు.
అరచేతిలో టెంకాయ లేచి నిలబడిన చోటల్లా వేయించినాడు.
టెంకాయ ప్రతిసారీ లేచింది.
రిగ్గు రాత్రంతా పొడిచింది.
తెల్లారి చూస్తే
మా నల్ల ఎనుము తెల్లగా నిలబడుకోనుంది, దుమ్ము కప్పుకొని.

ఏడోదాంట్లో కెమెరా దింపినాము.
తీగ చివర చిన్న దీపం.
మూడు నూర్ల అడుగులు, ఐదు నూర్లు, తొమ్మిది నూర్లు,
టీవీలో రాయి, రాయి, మళ్ళా రాయి.
అడుగుకు పోయి
తన వెలుగు తానే చూసుకొని పైకొచ్చింది దీపం.
నాయన ఏమన్లేదు.
కెమెరా అబ్బాయికి టీ చెప్పినాడు.

ఇప్పుడు డ్రిల్లు పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది.
నీళ్ళు పడాలని వేసిన బెజ్జాలన్నీ ఎండిపోయినాయి.
నీళ్ళు పడకూడదని వేసే బెజ్జం
ఇదే మొదటిది.

దస్తగిరి పడవలోపల కూర్చొని వేలితో తడుతున్నాడు:
"ఈడ వైర్లున్నాయి, ఆడ అడ్డపట్టీ,
ఇంగొంచెం ఎడమకు, ఇంగొంచెం... ఆఁ."
తెల్లని దుమ్ము లేచింది.
అదే దుమ్మేమో అని ముక్కు పెట్టి చూసినా.
కాదు, ఇది ఫైబరు, కొంచెం తియ్యగా ఉంది వాసన.

పొరలు నీళ్ళు తాగకుండా అంచుకు జిగురు పూసి
కంచు గొట్టం తోసినాము.
ఎక్కువ బిగిస్తే జిగురంతా బయటికి పోతాదని దస్తగిరి,
తక్కువ బిగిస్తే పెన్నేరంతా లోపలికొస్తాదని నేను.
ఒక పగలు, ఒక రాత్రి ఆరబెట్టినాము.

"ఒక్కసారి వేసి చూపియ్యప్పా" అంది ఓబుళమ్మ.
"వద్దక్కా, గట్టు మీద వేస్తే కాలిపోతాయి.
వీటికి నీళ్ళే చలవ.
నీళ్ళు లేకుంటే వేయొద్దు" అన్నా.
అని, ఆగిపోయినా.

ఈ మాట ఎంతమందికి చెప్పినానో
అంగడి మెట్ల మీద,
కాలిన మోటారు గోనెసంచిలో మోసుకొచ్చినోళ్ళకు.
అందరూ విన్నారు. అందరూ తలూపినారు.
పోయి మళ్ళా స్విచ్చి వేసినారు.
శనక్కాయ పూత మీదుంటే
వేయకుండా ఎట్లుంటారు?

సందకాడ పడవను నీళ్ళలోకి తోసినాము.
స్విచ్చి వేస్తే
పడవ వెనక నీళ్ళు పచ్చగా కదిలినాయి.
మట్టి నలుసులు, తేలే గడ్డిపోచ,
దారి తప్పినట్టు ఒక చిన్న చేప
వెలుగులోకొచ్చి, భయపడి, మళ్ళా వచ్చింది.
ఎంత వంగి చూసినా అడుగు కనపళ్ళేదు.
దీపం దింపితే
అడుగు కనపడకపోవడం నేనెప్పుడూ చూళ్ళేదు.

లోపలికి పోయి బోర్లా పడుకొని
నట్టు కింద వేలు పెట్టినా.
దస్తగిరి టార్చి పట్టినాడు.
ఒకసారి తడిమి, రెండోసారి తడిమి,
వేలు చొక్కాకు రుద్ది మూడోసారి తడిమినా.

ఒడ్డు మీద నుంచి ఓబుళమ్మ కేకేసింది:
"ఏమప్పా, నీళ్ళు పడినాయా?"

"పడలేదక్కా" అన్నా.

ఒడ్డు మీదున్నోళ్ళంతా ఈలలేసినారు.
దస్తగిరి నా మొహం చూసి
టార్చి ఆర్పేసినాడు.